నిలువు గీత

నాలుగంకె రాయడం కష్టం.
గీతను గీత కోసుకోవల్ల,
రాయి గరుగ్గా ఉంటే కుంచె మొండికేస్తాది.
ఒకటి సులువు.
అందుకే మొదట్నుంచీ నాకిదే అలవాటు:
కష్టమైన అంకె ముందు, ఒకటి ఆఖర్న.

పాణ్యం దాటినాంక తుమ్మచెట్టు కాడి రాయి.
విమానాశ్రయం అనే మాట
ఎంత రంగు తాగుతాదో రాసినోనికే తెలుసు.
అది రాసి, కింద నాలుగు పెట్టి,
ఎడం పక్క బెత్తెడు చోటు ఇడిసినా.
డబ్బా వంచితే చుక్క ల్యాదు.
"రేపు పెడుదువు పా ఫకీరప్పా, గీతే గదా"
అన్యాడు సుంకన్న.
గీతే గదా అనుకున్యా నేనూ.
ఆ రేపు వాన.
ఎల్లుండి పీర్ల పండగ.
ఆ మీట డోన్ రోడ్డు పనికి పిలిచిరి.

మా ఇంట్లో దూరం నా లెక్క,
టైము మాబున్నీ లెక్క.
ఓర్వకల్లు ఇమానాల కాడ నేల తుడుస్తాది అది.
దిగినోళ్లు పోయి, ఎక్కేటోళ్లు వచ్చే లోపల
నలభై నిమిషాలు దానివి.
"విశాఖపట్నం ఎంత దూరమే?" అంటే
"గంటా పది" అంటాది.
"కిలోమీటర్లు చెప్పు" అంటే
"పైన రాళ్లు పాతినావా నువ్వు?" అంటాది.
ఎగిరేది గంట కూడా కాదంట.
తలుపేసినప్పట్నుంచి తలుపు తీసిందాంక లెక్కంట.
నేల మీద ఊరికే నిలబడిందీ
ప్రయాణంలోనే కడతారంట.
ఆ మాట నాకు శానా నచ్చింది.
మా నాయన ఉల్లిగడ్డల బండి కర్నూలుకు తోలేటప్పుడు
ఎద్దులకు నీళ్లు తాపి, కాడి దించి కూచున్న జాములు
ఎవురు కట్టిచ్చిరి?

శుక్రారం రాత్రి
రొట్టె ముందర పెట్టుకోని అట్లే కూచునింది మాబున్నీ.
నంద్యాల పక్క మనిషంట.
చేతిలో స్టీలు క్యారియరు.
లోపలికొచ్చేసరికి ఇమానం లేస్తాంది,
అద్దంలో కనపడతానే ఉంది.
తడి నేల మీద కూలబడినాడంట.
"కాళ్లెత్తు సామీ" అనిందంట ఇది,
ఇంగేమనాల్నో తెలీక.
"రాయి మీద నాలుగని ఉండె తల్లీ.
నాలుగే గదా అని
ఉగ్గాని తినేదానికి ఆపినా."

ఆ నాలుగు ఎవురి చేతిదో దానికి తెలుసు.
చెప్పలేదు.
బస్సు సంగతడిగితే మాత్రం చెప్పిందంట:
సాయంత్రం కర్నూల్లో ఎక్కితే
మర్నాడు పొద్దెక్కినాంక విశాఖపట్నం.

"ఏం పని మీద పోతాన్యాడు?" అన్యా.
"అడగలే" అనింది.
"ఎందుకడగలే?"
"అడిగితే నీకు చెప్పాల్సొస్తాదని."

కోడి కుయ్యకముందే సైకిలెక్కినా.
హ్యాండిలుకు రంగు డబ్బా, నోట్లో కుంచె.
లారీల లైట్లు వచ్చినప్పుడల్లా రాయి కనపడతాంది,
పోతే మల్ల చీకటి.
వెలుగున్నంత సేపట్లో
కుంచె ఒక్కసారి పైనుంచి కిందికి.
జానెడు కూడా ల్యాదు.
పది కిలోమీటర్లు.

పచ్చి రంగు. దుమ్ము పడకుండా
తువ్వాల అడ్డం పట్టుకోని నిలబడినా.
ఆరేదానికి గంట పైనే పట్టింది,
గంటా పది అనుకో.
ఎవురన్నా బండి ఆపి అడిగితే
పద్నాలుగప్పా, పద్నాలుగు, బిన్నె పోండి అని
నోటితో కూడా చెప్దామని చూస్తాన్యా.

ఎవురూ ఆపలే.