ఆదివారం సెలవు కాదు

ఏం మే తహసీనా,
ప్రశ్నకు ముందు మళ్లీ "మన్నించండి" అని రాసినావా?
తీసెయ్.
దాని కింద "నాకు పెద్దగా తెలీదు గానీ" అన్నావే, అదీ తీసెయ్.
ఇప్పుడు మిగిలింది చూడు, అదీ ప్రశ్న.

టీ చల్లారేలోపల చెప్తా విను.
నేను ఈ ఫర్వానియాకు వచ్చిన రెండో ఏడు
మా ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ పట్టీ
ఎవరో ఎక్కడో ఉత్తపుణ్యానికి రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌తో వేసేవాళ్లు.
మంచిదే. ఒక్క ఫిల్స్ అడగదు.
ఒక్కటే రోగం దానికి,
ఆదివారం సెలవనుకునేది.
కువైట్‌లో ఆదివారం పొద్దున
రక్తపరీక్షల వరస మెట్లదాకా ఉంటుందని
దానికెవరు చెప్పాలి?
శుక్రవారం నలుగురిని వేసి
ఆదివారం ఒక్కదాన్నే నిలబెట్టేది.
ఆ ఒక్కదాన్ని చాలాసార్లు నేనే.

తిట్టుకుంటా తిట్టుకుంటా ఒక రాత్రి
దాని లోపలికి పోయి చూసినా.
తెరిచే ఉంది. ఎవరైనా చూడొచ్చంట, దిద్దొచ్చంట.
నరం దొరకని ముసలామె చేతిమీద
వేలితో తడుముకుంటా పోయినట్టు పోయినా.
దొరికింది.
ఒక్క అంకె. ఐదు ఉండాల్సిన చోట సున్నా.

గడియ లేని ఇల్లంటారు దాన్ని.
గడియ లేదు, నిజమే.
గడప ఎంత ఎత్తో మాత్రం
లోపల పుట్టినోళ్లకు తెలీదు.

రెడ్డెమ్మ అని పెట్టుకోలేదు నేను.
ఆర్. కె. అని పెట్టుకున్నా.
జవాబులన్నీ "సార్" అనే వచ్చినాయి.
హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు,
అరువు మీసం నీడన కూర్చున్నట్టు.

పదకొండు రోజులు నా దిద్దుబాటు ముఖం ఎవరూ చూడలేదు.
పన్నెండో రోజు ఒకాయన
అదే తప్పు, అదే అంకె, తన మాటగా చెప్పినాడు.
భలే పట్టినావని పదిమంది వీపు తట్టినారు.
దొంగ కాదులే ఆయన. నాది చదవను కూడా లేదు.
అదే ఎక్కువ మండింది.

శుక్రవారం రాత్రి, అందరూ గొంతులతో కలిసే మీటింగు.
బయట దుమ్ముగాలి. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా.
పక్కమంచంలో బీనా, డ్యూటీ దిగి అప్పుడే కన్నుమూసింది.
నేను బాత్రూములో, బకెట్టు బోర్లించుకొని కూర్చున్నా.
ఫోనులో నా పేరు పక్కన గీత కొట్టిన మైకు.
ఆగిన గుండెల్ని నొక్కి లేపిన చేయి మే ఇది,
ఆ చిన్న బొమ్మను నొక్కడానికి వణికింది.

నొక్కినా.
ముందు నా గొంతు కాదు,
కొళాయి చుక్క వినపడింది వాళ్లకు.
ఆ తర్వాత:
"అది నేను రాసిందే.
పన్నెండు రోజులు కూడా ముందే పెట్టినా, చూడండి.
ఆ పట్టీలో ఆదివారం ఒంటరిగా నిలబడే మనిషిని నేనే."
ఇంగ్లీషులో తప్పులు దొర్లినాయి. దొర్లనీ.

కొంతసేపు ఎవరూ పలకలేదు.
బకెట్టు కింద నేల నాకు గుర్తుంది, నీలం రాళ్లు,
ఒకటి పగిలింది.
అప్పుడొక ఆడగొంతు. ఏ దేశమో.
మూడేండ్లుగా ఆ మీటింగులో ఉన్నదంట,
ఆమె గొంతు ఎట్లుంటుందో ఎవరికీ తెలీదు.
"మా ఊర్లో కూడా సెలవు శుక్రవారమే" అనింది.
అంతే అనింది.

అంకె మారింది. పేరూ మార్చుకున్నా,
కాకర్ల రెడ్డెమ్మ, అక్షరం తగ్గకుండా.
నోరు తిరగక అవస్థ పడతారు, నేర్చుకుంటారులే.
అన్నీ బాగైపోయినాయనుకోవద్దు,
నేను రాసిన కోడును నాకే నేర్పించేవాడు
ఇప్పటికీ ఒకడున్నాడు.

నీ సంగతికి రా.
అరబ్బీ పేర్లు అచ్చేస్తే తలకిందులైతున్నాయని కదా నువ్వనేది?
ఆరేండ్లుగా చూస్తున్నా, నాకు తట్టలేదు.
రాయచోటి మదరసాలో కుడినుంచి ఎడమకు చదివిన కన్ను నీది,
నీకు కనపడింది.
కింద నీ పేరు పెట్టినావా? పూర్తిగా?

టీ తాగు.
కాదు, ముందు పంపు.