నెలవంక మాత్ర

పదేళ్లు తార్నాకలో, కిటికీ లేని గదిలో
కుర్రాళ్లకి అర్థంలేని మాటలు చూపించాను:
గపు, టేమి, లొస.
ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టాను.
సెకనులో వెయ్యో వంతు తేడా దొరికితే
ఆ సాయంత్రం నాకు పండగ.
అబద్ధమెందుకు, నిజంగానే పండగ.
కానీ ఇంటికెళ్లి ఎవరూ ఎవరితోనూ
గపు అనలేదు.

ఇప్పుడు యాకుత్‌పురా గల్లీల్లో నడుస్తున్నాను.
సంచీ నిండా మందుల కవర్లు,
చదువురాని వాళ్ల కోసం వాటి మీద నేనే గీసిన బొమ్మలు.
పొద్దుటి మాత్రకి సూర్యుడు,
రాత్రి మాత్రకి నెలవంక.
కాంపౌండర్ మల్లారి చూసి
"పసిపిల్లకైనా సమజైతది మేడం" అన్నాడు.
నేనూ అలాగే అనుకున్నాను.

నెల తిరిగాక జైబున్నిసా బేగం ఇంట్లో
సూర్యుడి కవరు ఖాళీ.
నెలవంక కవర్లో తగ్గింది ఒక్కటే.
అడిగితే నన్నే జాలిగా చూసింది:
"చాంద్ దిఖా, ఖా లీ. ఔర్ క్యా?"
నెలపొడుపు నాడు డాబా ఎక్కి,
సన్నటి వంకని చూసి, దువా చేసి,
మాత్ర మింగి దిగింది.

బీపీ చూశాను. డాక్టరుకి ఫోన్ చేస్తుంటే
నా వేళ్లు వణికాయి.
ఆ సిగ్గు కిందే ఎక్కడో
కొత్త కుండ అడుగు చెమర్చినట్టు
సంతోషం.
తార్నాకలో అయితే 'తప్పు' అన్న గడిలో
ఒక గీత గీసి భోజనానికి వెళ్లేదాన్ని.
ఈమె ఏదీ మర్చిపోలేదు.
బొమ్మకీ ఒక మాతృభాష ఉంటుందని
మర్చిపోయింది నేను.

"రాత్రి పడుకునే ముందు
ఆఖరున ఏం చేస్తారమ్మీ?"
చెప్పడం మానేసి మొదటిసారి అడిగాను.

పాలు తోడేస్తుందట.
నలభై ఏళ్లుగా, ఏ రాత్రీ తప్పకుండా.
ఆయన పోయిన రాత్రి కూడా
ఇంటినిండా జనం ఏడుస్తుంటే
తన చెయ్యి దానంతటదే గిన్నె వెతుక్కుందట.

ఆ గిన్నె మూతకి
రబ్బరుబ్యాండుతో మాత్రల పట్టీ చుట్టాం ఇద్దరం.
ఒకటి వదులైంది, ఇంకోటి తెగింది.
చివరికి తన జడ రిబ్బను ముక్క పనికొచ్చింది.

చాదర్‌ఘాట్ దగ్గర బస్సు ఆగిపోయింది.
కవరు వెనక గిన్నె బొమ్మ గీయబోయి ఆగాను.
వాళ్ల పక్కింటి షాహీన్
పాకెట్ పెరుగు కొంటుంది కదా.
ఆమె రాత్రి ఆఖరున ఏం చేస్తుందో
రేపు పోయి అడగాలి.