ఎనభై దాటొద్దు

రెండొందల యాభై గుర్రాల బలం అంటాడు మైరిగ్ తన కారుని.
ఆ గుర్రాలన్నీ ఇప్పుడు
నల్లకొండ మలుపులో
ఒక పలకరాతి ముక్క ముందు మోకరిల్లాయి.

వెనక కుడి టైరు.
వాన కాదు, వాన లాంటిదేదో,
వేల్స్ కొండల మీద రోజంతా ఊరికే నిలబడి ఉండేది.
నాలుగు గొర్రెలు వచ్చి, చూసి,
తమకి సంబంధం లేదని తేల్చుకుని వెళ్ళాయి.

తగరపు రేకుల మిల్లు మూసేసి చేతిలో డబ్బు పెట్టినప్పుడు
ఇంటికప్పు మార్పించమన్నారు అందరూ.
కారు కొన్నాడు. ఎర్రది. రెండే సీట్లు.
పదకొండేళ్ళుగా పక్క సీట్లో ఎక్కువ తిరిగింది
బంగాళాదుంపల సంచీ.

ఈ వేళ హైల్వెన్ కూర్చుంది.
బ్రినమాన్ చాపెల్లో పెళ్ళి, ఆర్గన్ వాయించే మనిషికి జలుబు.
ఎవరికి జలుబు చేసినా హైల్వెన్‌కే ఫోను.
బళ్ళో లెక్కల టీచరు కాలు విరిగినా
పోస్టాఫీసు పిల్ల పురిటికి వెళ్ళినా.
ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం పేరు 'బదులు'.

ముందు మూత ఎత్తితే
ఇంజను ఉండాల్సిన చోట స్టెప్నీ,
ఎండిన మాగాయ టెంకలా ముడుచుకుని.
దానికి గాలి కూడా అప్పుడే కొట్టాలట.
సిగరెట్ లైటర్ బొక్కలో తీగ గుచ్చితే
చిన్న మోటారు కీచుమంది,
ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటూ లేచింది టైరు,
నడిరాత్రి నిద్ర లేపిన చుట్టంలా
ఎంత దూరం అని అడుగుతున్నట్టు.

పక్కన పసుపు చీటీ:
తాత్కాలికం. ఎనభై దాటొద్దు.
వీలైనంత త్వరగా అసలుదాన్ని బిగించండి.

మనం స్టెప్నీ అంటామే,
ఆ మాట పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే,
లనెల్లి ఊళ్ళో స్టెప్నీ వీధిలో.
వీధి పేరు చక్రానికి పెట్టారు,
చక్రం ఓడెక్కి వచ్చి మన లారీల అడుగున వేలాడింది.
తర్వాత ఆ మాటని
ఆడవాళ్ళ మీదికి విసిరిన వాళ్ళూ మనలో ఉన్నారు.
ఆ సంగతి హైల్వెన్‌కి చెప్పను.

జాకీ ఎత్తబోతుంటే ఆపింది:
"ముందు నట్లు వదులు చెయ్యి, తర్వాత ఎత్తు."
నీకెలా తెలుసు?
"మెకానిక్కుల తరగతికి ఒక టర్మ్ బదులు వెళ్ళాను."

అంతా అయ్యాక తెలిసింది అసలు చిక్కు.
పంక్చరైన చక్రం లావు,
స్టెప్నీ గుంటలో పట్టదు.
వెనక సీటు లేదు, డిక్కీ లేదు,
ఉన్నది ఒక్క సీటు.
కొండ మీద వదిలేది చక్రాన్నా, మనిషినా?
"ఆ చక్రం ఎంత ఖరీదో తెలుసా" అన్నాడు మైరిగ్.
అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఇటివ్వు" అంది.
నీలం గౌను మీద పాటల పుస్తకం సంచీ పరిచి
ఇరవై కిలోల బురదపిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.
గడ్డం రబ్బరుకి ఆనింది.

ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పు,
కారు ఎడ్డెంగా దిగింది కొండ.
పాల ట్యాంకరు దాటిపోయింది.
పిక్కలు వాచిన సైకిలాయన దాటుతూ చెయ్యూపాడు.
మైరిగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రాళ్ళ గూళ్ళేమిటి?"
"సున్నపు బట్టీలు. మా ముత్తాత పనిచేసినవి" అంది టైరు వెనకనుంచి.
పదకొండేళ్ళుగా ఇదే దారి,
వంద మీద ఏ బట్టీ కనిపిస్తుంది?

పెళ్ళికి పన్నెండు నిమిషాలు ఆలస్యం.
పెళ్ళికూతురు ఇంకా ఆలస్యం, బతికించింది.
ఆర్గన్ తెల్లమెట్ల మీద
పాట పొడుగునా నల్లటి వేలిముద్రలు.

కొత్త టైరు వచ్చి నెలైంది.
స్టెప్నీకి గాలి తీసి, మడిచి,
ముందు గుంటలో పెట్టాలి.
మైరిగ్ ఇంటి గోడకి ఆనుకుని ఉంది అది,
నిండు గాలితో, పసుపు చీటీతో.
అడిగితే
ఇవాళ వాన అంటాడు.