ఎక్కినోళ్ల లెక్క

హన్మకొండ బస్టాండుల
ట్యాబు పట్టుకున్న పిల్లగాడు
ఎక్కెటోళ్లను లెక్కవెడుతుండు.
పరకాల బండికి అరవై రెండు.
మంచిదే తమ్మీ,
కొత్త బస్సులు ఎటు నడపాల్నో
మీ పటం చెప్తదంటివి.

ఇంకో గడి గీసుకో.
ఎంజీఎంల ఆయా ఓదెమ్మ
రెండో షిఫ్టు దిగి
క్రాస్‌రోడ్డు కాడ్నుంచి
పత్తిచేన్ల నడుమ సెల్లు లైటు ఏసుకొని
నాలుగు కిలోమీటర్లు నడుస్తది.
ఆమెను ఏ ప్లాట్‌ఫారం మీద లెక్కవెడ్తవు?

మంది లేరని ఆఖరి ట్రిప్పు తీసేసిరి.
ట్రిప్పు లేదు గనక మంది లేరు.

పదిహేడేండ్ల కండక్టరు సర్వీసు నాది.
ప్లానింగు నాకేం తెలుసు?
నా టిక్కెట్టు మిషన్ల
ఆ ఊరి స్టేజీ ఇంకా ఉన్నది.
అప్పుడప్పుడు నొక్కుత.
ఛార్జీ చూపిస్తది,
పాతదే.