ఐదు డిగ్రీలు

మార్చి నెల. సరస్సు మీది మంచు ఇంకా లారీని మోస్తోంది.
కుహ్మో దాటి పదిహేను కిలోమీటర్లు, పసుపు రంగు కొయ్య ఇల్లు.
నా రిగ్గు పెరట్లోకి వెనక్కి వెనక్కి వస్తుంటే
ఓయివా రెండు చేతులూ ఊపుతూ అరిచాడు:
రాస్ప్‌బెర్రీ పొద! పొద జాగ్రత్త!
నడుం లోతు మంచు కింద
అదెక్కడుందో అతనికొక్కడికే తెలుసు.

ఇక్కడ బోరు వేస్తే
నీళ్లు పడ్డాయా అని అడగరు.
కింద ఎంత వెచ్చగా ఉందని అడుగుతారు.
"ఐదు," అన్నాను.
"యాభై ఐదా?" చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.
"ఐదు. వట్టి ఐదు."
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనన్నట్టు
భార్య వంక చూశాడు.
హెల్వి మాత్రం రిగ్గునే చూస్తోంది.
అప్పు కాగితం మీద సంతకం ఆమెది.

మట్టి నాలుగు మీటర్లే. ఆపైన అంతా రాయి.
సుత్తి దిగుతుంటే దాని గొంతు మారడం నాకు తెలుస్తుంది:
నల్లరాయి దగ్గర పళ్లు కొరుకుతుంది,
ఎర్ర చారల దగ్గర కాస్త మెత్తబడుతుంది,
ముప్ఫై ఒకటో మీటరు దగ్గర పగులు తగిలి
గుటక వేసినట్టు ఒక్క క్షణం ఆగింది.
నీళ్లు.
రానీ. గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి.

సాయంత్రానికి రాతిపిండి అంతటా:
కిటికీల మీద, పోస్టు డబ్బా మీద, హెల్వి కనుబొమల మీద.
రొట్టెకు పిండి చూసినట్టు
వేళ్ల మధ్య నలిపి చూసిందామె.
"దీని వయసెంత?"
"రెండు వందల డెబ్భై కోట్ల ఏళ్లు, అటూ ఇటూగా."
"అయితే మా ఆయన కన్నా కొంచెం పెద్దదే."

మర్నాడు చేపల పులుసుకి పిలిచి
ముందు నేలమాళిగలోకి తీసుకెళ్లాడు.
ఇనుప పొయ్యి. తలుపు పిడి అరిగి అరిగి వెండిలా ఉంది.
ముప్ఫై ఎనిమిది చలికాలాలు
రాత్రి మూడింటికి లేచి దుంగలు వేసిన చెయ్యి.
ఆ సంగతి అతను చెప్పలేదు.
పక్క గోడ మీది సుద్దగీతలు చూపించాడు, అంతే:
మైనస్ ముప్ఫై దాటిన రాత్రికొక గీత.
లెక్కపెట్టబోయి మానేశాను.

"కిందటేడు ఈ మెట్ల మీదే జారాడు,"
పైనుంచి హెల్వి గొంతు.
"తుంటి విరిగి, పాకుతూ వెళ్లి,
పొయ్యిలో దుంగ వేశాకే నన్ను పిలిచాడు."
అతను పిడిని చొక్కా చేతితో తుడిచాడు.

రెండు వందల పది మీటర్లు.
నల్ల గొట్టం కొసకి బరువు కట్టి
ముగ్గురం పట్టుకుని దించాం.
చేద దించినట్టు కాదు,
ఇది మళ్లీ పైకి రాదు.
"నువ్వు దుంగ దుంగ మోసుకొచ్చావు చూడు,"
అతనికి చెబుతోంది హెల్వి, నాకంటే బాగా,
"ఇది డిగ్రీ డిగ్రీ మోసుకొస్తుంది."

జనవరిలో పక్క పొలానికి బోరు వేయడానికి వెళ్లి
చూసిపోదామని ఆగాను.
రాస్ప్‌బెర్రీ పొద మీదుగానే నడిపానని ఇన్నాళ్లూ నాకు బెంగ.
ఒక జామ్ సీసా చేతిలో పెట్టారు. నోరు విప్పలేదు.

పొయ్యి లేదు. అక్కడొక తెల్ల డబ్బా,
ఫ్రిజ్‌లా నిలబడి, తనలో తానే గొణుక్కుంటోంది.
మూడింటికి అతనింకా లేస్తాడట,
దిగి వచ్చి, దాని మీద అరచెయ్యి పెట్టి, వెళ్లి పడుకుంటాడట.
తెల్లటి దాని మీద సుద్ద కనబడదని
వడ్రంగి పెన్సిలుతో రెండు గీతలు.

"బోరు పిల్లా, కింద ఇంకా ఐదేనా?"
"నాలుగున్నర. మీరు వాడుకున్నారు కదా.
వేసవిలో నిండుతుంది."
చాలాసేపు ఆలోచించాడు.
"మరి అక్కడ దుంగ ఎవరు వేస్తారు?"

నా కాఫీ చల్లారుతోంది.