రసమట్టం

బడి డాబా మీద మూడు కాళ్ళు దించాను.
అట్టపెట్టెకి కొత్తవాసన ఇంకా పోలేదు.
స్టాండుతో వచ్చిన బుడగ గాజు దారిలో ఎక్కడో పగిలింది,
అందుకని దాలినాయుడు మేస్త్రీ
తన రసమట్టం పట్టుకొచ్చాడు.

పసుపురంగు కర్ర, అంచున ఎండిన సిమెంటు.
నాలుగు వందల గడపల్ని నిలబెట్టిన బుడగ
అటు జారి, ఇటు జారి,
రెండు గీతల మధ్య ఊపిరి బిగబట్టి ఆగింది.
"మట్టానికొచ్చీసింది టీచరమ్మా" అన్నాడు
ఆకాశాన్ని కాదు, గచ్చుని చూస్తూ.

రిమోటు ఎర్రగా వెలిగి అడగడం మొదలెట్టింది.
మీది ఏ ఊరు?
జాబితాలో కలకత్తా ఉంది, చెన్నై ఉంది,
చీపురుపల్లి లేదు.
ఉత్తరంగా పద్దెనిమిది డిగ్రీల పద్దెనిమిది,
తూర్పుగా ఎనభై మూడు, ముప్పై నాలుగు.
ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఊరి అసలు చిరునామా
ఇవాళే తెలిసింది.
వేసవిలో గడియారం ముందుకి జరుపుతారా?
లేదు. ఇక్కడ ఎండని ఎవరూ దాచుకోరు.
ఈరోజు తేదీ?
పన్నెండు, రెండు అని కొట్టాను.

మొదటి చుక్కగా బ్రహ్మహృదయం.
ఉత్తరాన, అంత ఎత్తున,
వేలు పెట్టి చూపించనక్కర్లేకుండా ఉంది.
మోటారు గుర్రుమంది.
గొట్టం మెడ తిప్పింది,
వంగింది, ఇంకా వంగింది,
ఈశాన్యాన పంచాయతీ నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టి
బల్లిలా ఆగిపోయింది.

ఆపాను. వెలిగించాను. మళ్ళీ ట్యాంకే.
రెండోసారి బేటరీలు మార్చాను,
మూడోసారి తిట్టాను.
గరివిడి వైపు కొలిమి వెలుగు
ఆకాశం అంచుకి ఎర్రమన్ను పూస్తోంది.
"అయిపోనాదేటండీ?" కిందనుంచి వాచ్‌మేను.

దాలినాయుడు బీడీ ముట్టించలేదు.
మంట కళ్ళకి అడ్డమని చెప్పానని
చెవి మీదే ఉంచుకున్నాడు.
"పొడుగూ ఎడల్పూ తారుమారుగా రాసిచ్చీసినారు ఓపాలి,
నాను గది అడ్డంగా కట్టీసినాను.
కట్టినోడి తప్పు కాదమ్మా,
కాయితం తప్పు."

కాగితం తప్పు.
ఈ యంత్రం పుట్టినచోట
నెల ముందు నడుస్తుంది, రోజు దాని వెనక.
నా పన్నెండు, రెండు
దానికి డిసెంబరు రెండు.
పాపం, ఇంకా రాని డిసెంబరులో ఒక్కతే నిలబడి
బ్రహ్మహృదయం ట్యాంకు ఎత్తున ఉండే వేళని
ఎంత నిజాయితీగా చూస్తోందో!

రెండు, పన్నెండు.
గొట్టం లేచింది.
చుక్క దాకా వెళ్ళింది, కానీ మధ్యకి కాదు, వారకి.
ఆ మిగిలిన జానెడు మనిషే జరపాలట.
నేను మీట నొక్కితే చుక్క గంతేసి అవతలికి పోతోంది.

మేస్త్రీని పిలిచాను.
ఎడమ కన్ను మూశాడు,
తూకంగుండు దారం వెనక మూసే కన్ను అదే.
బొటనవేలి పగుళ్ళలో సున్నం.
నొక్కలేదు, ఆనించాడంతే.
చుక్క కొంచెం కొంచెంగా వచ్చి
అడ్డగీత, నిలుగీత కలిసినచోట కూర్చుంది.
తర్వాత మృగవ్యాధుడు. అదీ అంతే.
కుదిరిందని రాసింది రిమోటు.
ఎవరికి కుదిరిందో రాయలేదు.

మూడు చుక్కల వరసకి దిగువన
మసకగా ఉండే చోటుకి పంపాను దాన్ని.
దాలినాయుడు చాలాసేపు వంగే ఉన్నాడు.
అక్కడ చుక్కలు పుడుతున్నాయని చెబుదామని
పాఠం గొంతులో సర్దుకుంటున్నాను.
"ఎవులో సున్నం కుంచి ఇదిలించీసి ఎల్లిపోనారు" అన్నాడు.
"రెండో పూత ఎయ్యలేదు."

చెప్పడం మానేశాను.

లేస్తుంటే అతని మోకాలు స్టాండుకి తగిలింది.
అంతా పోయింది.
మళ్ళీ తేదీ, మళ్ళీ మొదటి చుక్క.

మర్నాడు బెల్లు కొట్టకముందే వచ్చి
కాళ్ళు ఆనినచోట మూడు సిమెంటు బిళ్ళలు పోసి
నడిమిన బొటనవేలితో గుంటలు నొక్కి వెళ్ళాడు.
శ్లాబు కారితే తనదీ పూచీ అన్నాడట.
కూలి అడగలేదు,
మరిచిపోయిన రసమట్టం అడిగి పట్టుకెళ్ళాడు.

ఆషాఢంలో, ఏమీ కనబడని రాత్రుల్లో
పెట్టె తెరవను.
వాన వెలిశాక డాబా ఎక్కితే
ఆ మూడు గుంటల్లో
మూడు చుక్కల నీళ్ళు,
మట్టంగా.