మొదటి గంట

టీసీలో ఒక గడి ఉంటుంది:
కాలేజీ విడిచిపెట్టుటకు కారణం.
ఇరవై రెండేళ్లుగా అందులో
ఒకే మాట టైపు చేస్తున్నాను.
సొంత కోరిక.

పాడేరు పైనుంచి వచ్చిన వంతల బొంజుబాబుకీ అదే.
హాస్టల్లో సీటు రాలేదనీ,
కంచరపాలెంలో గది అద్దె కట్టలేక
నెలన్నర రైల్వే స్టేషన్లో పడుకున్నాడనీ
అతను వెళ్లిపోయాక వాచ్‌మన్ అప్పలకొండ చెప్పాడు.
"ముందే తెలుసా నీకు?"
"అడిగినోడెవడు మేడం."
అప్పటికే కాగితం మీద గుండ్రటి ముద్ర
ఆరిపోయింది.

ఈసారి జాబితాలో ముప్పై ఏడు పేర్లు, హాజరు చాలనివాళ్లు.
ప్రిన్సిపాల్ గారి గదిలో మీటింగు.
తనిఖీ కమిటీ వస్తోంది, ఉత్తీర్ణత శాతం పెరగాలి,
గేటు దగ్గర ఫ్లెక్సీ మార్చాలి,
విజయం అన్న మాట రోడ్డు మీదికి కనబడాలి.
సముద్రపు గాలికి ప్లేట్లో బిస్కెట్లు మెత్తబడ్డాయి.
పిల్లల్లో శ్రద్ధ లేదండీ, అన్నారెవరో.
మినిట్స్ పుస్తకంలో రాశాను: శ్రద్ధ లేదు.

ఆ రాత్రి ఇంటికి తెచ్చుకున్న రిజిస్టరులో
ఇరవై తొమ్మిదో వరస, వాసుపల్లి నూకరత్నం,
బీఎస్సీ రెండో ఏడు.
మొదటి గంటకి లేదు. రెండో గంటకి ఉంది.
మూడుకీ, నాలుగుకీ, ఐదుకీ ఉంది.
సోమవారం అంతే, మంగళవారం అంతే.
పేజీలు తిప్పుతుంటే ఎర్ర సిరా ఒకే గీత,
లంగరు తాడులా తిన్నగా.
శ్రద్ధ లేని పిల్ల
ఇంత క్రమంగా ఎలా మానుతుంది?

పోయినేడు రిజిస్టరు తీశాను.
ఏప్రిల్ సగం దాటాక ఆ గీత తెగిపోయింది,
మొదటి గంటకీ వచ్చింది, ఒక్క రోజు తప్పకుండా.
వేట నిషేధం.
ఈ ఊళ్లో పుట్టినదాన్ని,
ఆ తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు నాకు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు.
ఐసు ముక్కల చప్పుడు, డీజిలు పొగ, వేలం కేకలు.
మోకాళ్లదాకా గోనె కట్టుకుని నూకరత్నం
రొయ్యల్ని సైజులవారీ తీస్తోంది,
కిలోకి ముప్పై ఇటు, కిలోకి యాభై అటు.
నన్ను చూసి చేతులు వెనక దాచుకుంది.

"బోట్లు ఒచ్చినప్పుడే గదా పని.
తొమ్మిదికి ఒగ్గీసి, తానం సేసి,
వాసన పోయేదాకా రుద్దుకుని బస్సెక్కేసరికి
గంట అయిపోతాది మేడం."
"మరి చెప్పలేదేం?"
కాసేపు ఆలోచించింది.
"ఏ కౌంటర్లో సెప్పాలో తెలీలేదు."

ఫీజుకో కౌంటరుంది మాకు,
బోనఫైడ్‌కో కౌంటరు, పోయిన ఐడీ కార్డుకో కౌంటరు.

టైంటేబుల్ చూసే ధర్మలింగం మాస్టారు
"ఒక్క పిల్ల కోసమా?" అన్నారు.
రిజిస్టరు ఆయన ముందు పరిచాను.
అలాంటి ఎర్ర గీతలు ఇంకో నాలుగు:
హార్బరు పిల్లలు ఇద్దరు,
దొండపర్తిలో పేపరు వేసేవాడొకడు,
గాజువాకలో రాత్రి సెక్యూరిటీ చేసేవాడొకడు.
మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
రబ్బరు అడిగారు.
స్టాటిస్టిక్స్ నాలుగో గంటకి వెళ్లింది,
లైబ్రరీ గంట పొద్దుటికొచ్చింది.
ఏ కమిటీకీ చెప్పలేదు.

ఫ్లెక్సీ మీదికి ఎక్కే కథ కాదిది.
నూకరత్నం ఒక పేపరు తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది.
గాజువాక కుర్రాడు నాలుగో గంటలోనూ నిద్రపోతాడు.
మాస్టారు లేపరు,
గంట కొట్టాక పక్కన కూచోబెట్టి లెక్క మళ్లీ చెప్తారు,
లెక్కకో విసుగుతో.
సగటు అంటే ఏమిటని అడిగితే నూకరత్నం
"గుప్పెట్లోకి తీసుకుంటే తెలిసిపోతాది సార్" అందట.
ఆ మాట ఆయన స్టాఫ్ రూంలో మూడుసార్లు చెప్పారు.

నా కిటికీ పక్కన ఒక కుర్చీ వేయించాను.
దానికి బోర్డు లేదు.
కొన్నాళ్లు దాని మీద అప్పలకొండే కూచున్నాడు.

ఇప్పుడు హాస్టల్లో ఒక మంచం ఖాళీగా ఉంది.
బొంజుబాబు ఫైల్లో నంబరుంది.
కొండల మీద సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.
శనివారం శనివారం చేస్తున్నాను.
నిన్న మొదటిసారి
మోగింది.